పాలగ్లాసులో పన్ను ఎవరిది?

పోయిన వారం మనం పళ్ళ డాక్టరమ్మని మంచి ఇరకాటంలో వదిలేసి వచ్చాం. ఆవిడ చేతిలో అప్పుడే ఊడిన పన్ను ఉంది. ఎదురుగా కుర్చీలో బడి ఫుట్‌బాల్ జట్టు గోల్‌కీపరు, పదిన్నరేళ్ళ పిల్ల, నోరు తెరుచుకుని కూర్చుంది. పక్కన డ్రిల్లు మాస్టారు చెమటలు కక్కుతూ నిలబడ్డాడు. ఒంటిగంట విరామంలో ఆడుతుంటే గోల్‌పోస్టు తగిలి ముందు పన్ను ఊడిపోయిందని, మీరు బడికొచ్చి చెప్పినట్టే స్టాఫ్‌రూమ్ ఫ్రిజ్‌లోని పాలు గ్లాసులో పోసి, పన్ను అందులో వేసి తెచ్చానని ఆయన చెప్పాడు. అంతా సవ్యంగానే ఉంది. కానీ పన్నుని దాని చోట పెట్టబోయిన డాక్టరమ్మ చెయ్యి పిల్ల పెదవి దాకా వెళ్ళి ఆగిపోయింది.

కుడికాలి చెప్పు ఎడమకాలికి దూర్చబోతే ఎలా ఉంటుందో ఆవిడకి అలా అనిపించింది. పిల్లకి ఊడింది పై వరసలో కుడివైపు ముందు పన్ను. ఆవిడ వేళ్ళ మధ్య ఉన్నది ఎడమవైపు పన్ను. ముందు పన్నుకి నడిమి వైపు మూల చెక్కినట్టు ఉంటుంది, బుగ్గ వైపు మూల కాస్త గుండ్రంగా ఉంటుంది. మామూలు వాళ్ళకి ఇందులో తేడా కనబడదు. పదిహేనేళ్ళుగా పిల్లల నోళ్ళలోకి తొంగి చూస్తున్న మనిషికి కనబడకుండా ఎలా ఉంటుంది?

దీపం దగ్గరికి లాక్కుని మళ్ళీ చూసింది. వేరు పొట్టిగా ఉంది. దాని కొస ఇంకా మూసుకోలేదు, చిన్న గొట్టంలా తెరుచుకునే ఉంది. పన్ను అంచున మూడు బుడిపెలు ఇంకా అరగకుండా అలాగే ఉన్నాయి. చిగురు చీల్చుకుని బయటికొచ్చి ఏడాది కూడా కాని పన్నిది. ఏడు నిండి ఎనిమిదో ఏడు నడుస్తున్న పసివాళ్ళెవరిదో అయ్యుండాలి. కుర్చీలో ఉన్న పిల్లది మాత్రం కాదు.

ఆవిడ పన్నుని తిరిగి పాలల్లో వేసింది. మాస్టారు గతుక్కుమన్నాడు.

"ఏమైంది డాక్టరుగారూ? పెట్టలేదేం?"

"కాస్త ఆగాలి."

"అరగంటలోపు పెడితే బంగారం అని మీరే అన్నారు కదండీ?"

"అన్నాను," అంది డాక్టరమ్మ. గోడ గడియారంలో ఒకటీ ఇరవై ఎనిమిది అయింది. పన్ను ఊడింది ఒకటీ పదికని మాస్టారే చెప్పాడు.

డాక్టరమ్మది పుట్టు అనుమానం. మందుల కంపెనీ సీలు వేసి పంపిన సీసాని కూడా తలకిందులు చేసి చూస్తే గానీ నమ్మదు. పోయిన నెల ఒక తండ్రి కొడుకు విరిగిన పన్నుతో వస్తే, కొట్టాడేమోనని ఆయన్ని ప్రశ్నల మీద ప్రశ్నలేసి ఏడిపించింది. పిల్లాడు సైకిల్ మీంచి పడ్డాడని సగం వీధి వచ్చి సాక్ష్యం చెప్పాక తల దించుకుంది. "అనుమానం పెనుభూతం అని ఊరికే అన్నారా అమ్మా," అని ఆ రోజు నర్సక్క పెట్టిన చురక ఇంకా మండుతూనే ఉంది. అందుకే ఇవాళ నోరు జారకూడదని గట్టిగా అనుకుంది.

కానీ ఈ డ్రిల్లు మాస్టారి గొంతు ఆవిడకి కొత్తది కాదు. క్లినిక్ వెనక కిటికీ తెరిస్తే బడి ప్రహరీగోడ. మైదానం కనబడదు, వినబడుతుంది. "పళ్ళు రాలగొడతా!" అన్న కేక రోజుకి పదిసార్లు గోడ దాటి లోపలికొస్తుంది. అది ఊతపదమో, నిజంగానే అంత పని చేస్తాడో ఎవరికి తెలుసు? పైగా ఇప్పుడు ఒకరి నోట్లో పన్ను లేదు, ఇంకొకరి పన్ను గ్లాసులో ఉంది. అంటే దెబ్బలు తిన్నది ఇద్దరు. వచ్చింది ఒక్కరు.

"అక్కా, జట్టు పిల్లల అచ్చులు పట్టుకురా," అంది నర్సక్కతో.

ఆట మొదలెట్టే ముందు జట్టులోని పదకొండు మందికీ డాక్టరమ్మే నోటి కొలతలు తీసి, సున్నంలా తెల్లటి పొడి కలిపి పళ్ళ అచ్చులు పోసి, దెబ్బ తగిలినా పళ్ళు ఊడకుండా ఎవరి నోటికి వాళ్ళకి రబ్బరు తొడుగులు చేసిచ్చింది. నర్సక్క ఆ అచ్చులున్న పళ్ళెం తెచ్చి బల్ల మీద పెట్టింది. పదకొండు నోళ్ళు వరసగా ఇకిలించాయి. డాక్టరమ్మ ఒక్కొక్కటీ తిప్పి చూసింది. అందరూ పదేళ్ళు దాటినవాళ్ళే, అందరి పళ్ళ అంచులూ అరిగి నున్నబడినవే. మూడు బుడిపెల పన్ను ఒక్కరికీ లేదు. గ్లాసులో ఉన్న పన్ను జట్టులోని పిల్లది కానే కాదు.

మాస్టారు ఆ అచ్చుల వంక చూస్తూ జేబురుమాలుతో మెడ తుడుచుకున్నాడు. ఫ్యాను కింద నిలబడి కూడా.

"మాస్టారూ, మీరు బయట కూర్చుని ఈ కాగితం నింపండి. ఎప్పుడు, ఎక్కడ, ఎలా జరిగిందో అంతా వివరంగా రాయాలి."

"పిల్లని ఒక్కదాన్నే వదిలి..."

"నేను కరవను లెండి. వెళ్ళండి."

తలుపు మూసుకుంది. డాక్టరమ్మ స్టూలు లాక్కుని పిల్ల పక్కన కూర్చుంది. బంతిని దూరనివ్వదని జట్టంతా ఆ పిల్లని 'గోడ' అని పిలుస్తారు. గోడలకి చెవులుంటాయంటారు గానీ, ఈ గోడ వచ్చినప్పటి నుంచి నోరు తెరిచింది పన్ను చూపించడానికే. కరిచి పట్టుకోమని ఇచ్చిన దూది గుడ్డని పంటి కింద పెట్టుకుని, పైకప్పు వంక చూస్తూ పడుకుంది.

"నీ తొడుగేది తల్లీ?"

పిల్ల చెయ్యి నిక్కరు జేబు దాకా వెళ్ళి ఆగింది. డాక్టరమ్మ అరచెయ్యి చాపింది, తియ్యలేదు. కొంతసేపటికి తొడుగు ఆ చేతిలోకొచ్చింది. దానికి ఇసక అంటుకుని ఉంది. లోపల చిన్న రక్తపు మరక, అదీ ఎడమవైపు. గోడకి రక్తం కారుతున్నది కుడివైపు.

"ఇది వేసుకుని ఉంటే నీ పన్ను ఊడేది కాదు. దెబ్బ తగిలినప్పుడు నీ నోట్లో లేదు కదూ?"

పిల్ల తల అడ్డంగా ఊపింది.

"మరి ఎవరి నోట్లో ఉంది?"

గోడ కళ్ళు తలుపు వైపు తిరిగాయి. కళ్ళల్లో నీళ్ళు ఊరి చెంపల మీంచి చెవుల్లోకి దిగాయి. నోట్లోని గుడ్డ తీసేసి, ఊడిన పంటి సందులోంచి గాలి పోతుంటే మెల్లగా చెప్పింది.

"దానికి తొడుగు లేదు ఆంటీ. జట్టు లిస్టులో పేరు లేకపోతే ఇవ్వరు కదా. అది అందరికంటే చిన్నది. దెబ్బ తగులుతుందేమోనని నాది ఇచ్చా. పెద్దగా ఉంది, జారిపోతోంది అంది. గట్టిగా కరిచి పట్టుకోమన్నా. తర్వాత ఇద్దరం బంతి కోసం ఒకేసారి వచ్చాం." రెండు పిడికిళ్ళూ ఒకదానికొకటి కొట్టి చూపించింది.

వచ్చినప్పటి నుంచి ఈ పిల్ల నొప్పికి ఏడవలేదు. ఇప్పుడు ఏడుస్తోంది.

"ఎవరమ్మా ఆ చిన్నది?"

"చెప్పనని మాటిచ్చా."

"ఎవరికిచ్చావు?"

గోడ మళ్ళీ తలుపు వైపు చూసింది. అది చాలు. డాక్టరమ్మకి ఒళ్ళు మండిపోయింది. పదిన్నరేళ్ళ పిల్ల నోట్లో పన్ను ఊడి నెత్తురు కారుతుంటే, ఆ నోటి నుంచే మాట తీసుకున్నాడా మహానుభావుడు!

"నేను తప్పు చేశానా ఆంటీ?"

"తప్పేం కాదు. ఎవరి తొడుగు వాళ్ళే వేసుకోవాలని మాత్రం నీకు ఇంకోసారి చెప్తా. ఇవాళ కాదు. కరిచి పట్టుకో," అని కొత్త గుడ్డ పెట్టి లేచింది.

మాస్టారు కాగితం నింపుకుని లోపలికొచ్చాడు. అక్షరాలు ముత్యాల్లా ఉన్నాయి. 'గోల్‌పోస్టు' అన్న మాట మూడుసార్లు రాశాడు. ఒకసారి రాస్తే సరిపోయేది.

"ఇంకో పిల్ల సంగతేంటి మాస్టారూ?"

"ఇంకో పిల్లెవరండీ? నేనెవర్నీ దాచలేదే!"

"దాచారని నేననలేదే."

గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టయింది ఆయన పని. ముఖం ఎర్రబడింది. నర్సక్క దూది డబ్బా సర్దుతున్నట్టు నటిస్తూ వెళ్ళి తలుపుకి అడ్డంగా నిలబడింది.

డాక్టరమ్మ గోడ అచ్చుని, గ్లాసులోని పన్నుని పక్కపక్కన పెట్టి చూపించింది. పిల్లకి ఊడింది కుడిది, గ్లాసులో ఉన్నది ఎడమది. పిల్లది వేరు పూర్తయ్యే వయసు, గ్లాసులో ఉన్నదాని వేరు సగంలో ఉంది. ఆయన వంగి చూశాడు. చూసి నిటారుగా నిలబడ్డాడు.

"నాకివన్నీ తెలియవండీ. నేల మీద ఒక్కటే పన్ను పడి ఉంది, తెచ్చాను. మీరు పొరబడ్డారేమో. పోయిన నెల కూడా ఎవరో పెద్దమనిషిని ఇలాగే అనుమానించారటగా? బడంతా చెప్పుకున్నారు."

ఆ మాట సూటిగా వెళ్ళి తగలాల్సిన చోటే తగిలింది. ఒక్క క్షణం డాక్టరమ్మ తడబడింది. నిజంగానే పొరబడ్డానా? దీపం వెలుగులో కళ్ళు మోసం చేశాయా? గ్లాసు ఎత్తి మళ్ళీ చూసింది. లేదు. తండ్రుల గురించి పొరబడొచ్చు గానీ పళ్ళ గురించి కాదు.

"సరే, నన్ను ఏమన్నా అనుకోండి," అంది. ఈసారి గొంతు తగ్గించింది. "ఈ పన్ను వేరు కొస ఇంకా తెరిచే ఉంది మాస్టారూ. అంటే ఇది ఇంకా బతకడానికి వీలుంది. వేళకి దాని చోట దాన్ని పెడితే మళ్ళీ నెత్తురు పట్టి, వేరు ఎదిగినా ఎదుగుతుంది. గోడ పన్నుకి వేరు మూసుకుపోయే వయసు కాబట్టి దానికి కూడా అంత అదృష్టం లేదు. ఒక్కో నిమిషం పోయేకొద్దీ ఆ ఆశ తగ్గిపోతుంది. ఇది పోతే ఆ పిల్ల ముందు పన్ను లేకుండానే పెరగాలి. దవడ ఎదుగుతూ ఉంటుంది కాబట్టి ఇంకో పదేళ్ళ దాకా గట్టి పన్ను అమర్చడానికి కూడా లేదు. నవ్వినప్పుడల్లా చెయ్యి అడ్డం పెట్టుకుంటుంది. ఆ పిల్ల ఎవరో నాకు తెలియదు. మీకు తెలుసు."

"అది పాలపన్నే కదండీ!" అన్నాడు మాస్టారు.

ఆయనకి తను ఏమన్నాడో తెలియడానికి కాస్త సమయం పట్టింది.

"ఏది పాలపన్ను?"

"అంటే... ఏడేళ్ళ పిల్లకి ఊడేది పాలపన్నే అయ్యుంటుంది కదా అని. పాలపన్ను ఊడితే తిరిగి పెట్టకూడదు, కింద వచ్చే పన్నుకి దెబ్బ అని మీరే చెప్పారు. నేను విన్నాను. వెనక వరసలో నిలబడి శ్రద్ధగా విన్నాను."

"ముందు పాలపళ్ళు ఆరు, ఏడేళ్ళకే ఊడిపోయి అసలువి వచ్చేస్తాయని కూడా చెప్పాను. అది వినలేదా? ఎవరికండీ ఏడేళ్ళు?"

మాస్టారు స్టూలు మీద కూలబడ్డాడు. మైదానమంతా మోగే ఆ గొంతు ఇప్పుడు పక్కవాళ్ళకి కూడా సరిగ్గా వినబడలేదు.

"మా అమ్మాయికి."

నర్సక్క తలుపు దగ్గర్నుంచి "అయ్యో రాత!" అంది.

తర్వాత దాచడానికేమీ మిగల్లేదు. రేపు పెద్ద ఆట ఉంది. జట్టులో ఒక పిల్లకి జ్వరమొచ్చి పడుకుంది. సాధన ఆపడం ఇష్టం లేక, రెండో తరగతి చదువుతున్న కూతుర్ని లిస్టులో పేరు లేకుండానే మైదానంలోకి దింపాడు. లిస్టులో లేని పిల్లలకి ఇంకొక్కసారి దెబ్బ తగిలితే నీ ఉద్యోగం ఉండదని హెడ్మిస్ట్రెస్ పోయిన ఏడాదే చెప్పింది. ఇద్దరు పిల్లలు నెత్తురుతో కనబడితే ఢీకొన్నారని తెలిసిపోతుంది. ఒక్కరే అయితే గోల్‌పోస్టు మీదికి నెట్టెయ్యొచ్చు. కూతుర్ని ఎత్తుకుని మైదానం వెనక ఉన్న క్వార్టర్సులో వాళ్ళ నానమ్మకి అప్పగించి, గోడని తీసుకుని ఇటు పరిగెత్తాడు.

"కాళ్ళూ చేతులూ ఆడలేదండీ. నేల మీద రెండు పళ్ళున్నాయి. ఒకటి నేను తీశా. ఒకటి అది పిడికిట్లో పట్టుకుని ఏడుస్తోంది. ఏది ఎవరిదని చూసే తెలివి ఎక్కడుంది?"

"అంటే గోడ పన్ను మీ అమ్మాయి పిడికిట్లో ఉండిపోయింది."

మాస్టారు తల ఊపాడు. కుర్చీలో పిల్ల లేచి కూర్చుంది.

డాక్టరమ్మకి తిట్టాలనే ఉంది. తిట్టడానికి కడుపులో చాలా ఉంది. ఇంత భయస్థుడికి పిల్లల్ని ఎవరప్పజెప్పారని అడగాలనుంది. కానీ గడియారంలో ఒకటీ నలభై ఒకటి అయింది. ఉద్యోగం సంగతి రేపు చూసుకోవచ్చు. పన్ను రేపటిదాకా ఆగదు.

"ఇంటికి ఫోన్ చెయ్యండి. అందరికీ వినబడేలా పెట్టండి. ఆ పిడికిట్లో పన్నుని చల్లటి పాలల్లో వేసి, పాపని తీసుకుని పరిగెత్తుకు రమ్మనండి."

రెండు రింగులకే ఫోన్ ఎత్తింది మాస్టారి తల్లి. ఆవిడ గొంతులో కంగారేమీ లేదు. పరీక్ష బాగా రాసొచ్చిన పిల్లలా హుషారుగా ఉంది.

"ఏరా, ఆ గోల్‌కీపరు పిల్ల ఎలా ఉంది? ఇక్కడ నువ్వేం దిగులు పెట్టుకోకు. దీని సంగతి నేను చూసేశా."

"చూసెయ్యడమేంటమ్మా? దాని చేతిలో పన్ను..."

"చేతిలో ఎందుకుంటుంది? పెట్టేశా!"

డాక్టరమ్మ ఫోన్ దగ్గరికి వంగింది. "ఏం పెట్టేశారమ్మా?"

"ఎవరూ, డాక్టరమ్మేనా? భలేదానివి తల్లీ, నీ పుణ్యమే ఇదంతా. ఆ రోజు బడిలో నువ్వు చెప్తుంటే ముందు వరసలో కూర్చుని అంతా రాసుకున్నా. ఫ్రిజ్ మీద అంటించా కూడా. వీడేమో పాలపన్నేనమ్మా, పారెయ్ అని పారిపోయాడు. పాలపన్నుకి అంత పొడుగు వేరుంటుందా? వీడివి ఇరవయ్యీ ఊడబెరికినదాన్ని, నాకు తెలియదూ! తెల్ల భాగం పట్టుకున్నా. వేరు ముట్టుకోలేదు. సబ్బు పెట్టలేదు, రుద్దలేదు. నీళ్ళలో ఒక్కసారి ముంచి తీసి, ముందు వెనకలు చూసుకుని, ఆ సందులో పెట్టి మెల్లగా నొక్కా. శుభ్రమైన గుడ్డ కరిచి పట్టుకోమన్నా. కాస్త పొడుగు తేలినట్టుంది, అందుకని ఇంకొంచెం గట్టిగా నొక్కా."

డాక్టరమ్మ కళ్ళు మూసుకుంది. ముసలావిడ ఒక్క మెట్టు కూడా తప్పలేదు. సగం మంది డాక్టర్లు కూడా ఇంత వరసగా చెయ్యరు. బడిలో గంటసేపు గొంతు చించుకుని డాక్టరమ్మ అన్నీ చెప్పింది, ఏ నోటి పన్ను ఆ నోట్లోనే పెట్టాలన్న ముక్క తప్ప. అది చెప్పాల్సిన విషయమని ఎవరికి తోస్తుంది? ఎవరినెవరినో అనుమానిస్తూ తిరిగింది గానీ, తన పాఠాన్ని ఆవిడ ఏనాడూ అనుమానించలేదు.

"అయితే నా పన్ను దాని నోట్లో ఉందా?" అంది గోడ. గుడ్డ ఒళ్ళో పడింది.

"ఎవరమ్మా ఆ మాట్లాడేది?" అంది ఫోన్‌లో ముసలావిడ.

మాస్టారు నీళ్ళు నమిలాడు. చివరికి చెప్పక తప్పలేదు. "అమ్మా, నువ్వు పెట్టింది మన పిల్ల పన్ను కాదు. ఈ అమ్మాయిది. మన పిల్లది ఇక్కడ గ్లాసులో ఉంది."

అవతల ఎక్కడో దూరంగా పసిపిల్ల ముక్కు ఎగబీలుస్తున్న చప్పుడు వినబడింది.

"అయ్యయ్యో! పరాయి పిల్ల పన్నా?" ముసలావిడ గొంతులో ఒక్కసారిగా కంగారొచ్చింది. వెంటనే ధైర్యం కూడా వచ్చింది, అదే పెద్ద ప్రమాదం. "ఏం ఫర్లేదు, ఇంకా గట్టిపడి ఉండదు. ఇప్పుడే లాగేస్తా. పాలు కూడా పొయ్యి మీదే ఉన్నాయి, ఇప్పుడే పొంగాయి. అందులో వేసి పట్టుకొస్తా. ఒక్క నిమిషం ఉండండి."

"వద్దమ్మా! ముట్టుకోకండి! వేడి పాలల్లో వెయ్యకండి!" డాక్టరమ్మ ఫోన్‌లోకి అరిచింది. "పాపని అలాగే తీసుకురండి! అమ్మగారూ! వింటున్నారా?"

వినడానికి అవతల ఎవరూ లేరు. ఫోన్ ఏదో బల్ల మీద పెట్టిన చప్పుడైంది. మాస్టారు అప్పటికే తన ఫోన్ అక్కడే వదిలేసి, తలుపు తోసుకుని మెట్ల మీద పరిగెడుతున్నాడు. ఫోన్‌లో చెప్పుల చప్పుడు దూరమైంది. గిన్నె కదిలింది. తర్వాత "నానమ్మా, వద్దు" అని సన్నటి గొంతు, దాని వెనకే ముసలావిడ గొంతు ఎంతో లాలనగా వినబడ్డాయి.

"నోరు తెరువు బంగారం. కళ్ళు మూసుకో. డాక్టరమ్మే చెప్పింది."